కార్డు ఉన్నా కొనుక్కునే మందులు

సైన్యంలో పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో నౌకరీ చేసి, సిపాయిగానో హవల్దారుగానో పింఛనుతో ఇంటికొచ్చిన మనిషికి, అతని భార్యకు బతికున్నన్నాళ్లూ మందులు ఉచితంగా ఇచ్చే పథకం ఈ దేశంలో ఉంది. దాని పూర్తి పేరు ఎక్స్ సర్వీస్‌మెన్ కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్. మాజీ సైనికుల ఇళ్లలో ఈసీహెచ్‌ఎస్ అంటే చాలు. హైదరాబాద్‌లోని కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఆ పథకం కార్డు ఉన్న పెద్దవాళ్లు తారసపడుతూనే ఉంటారు. ఊళ్లో పొలం కౌలుకిచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చి, పొద్దున్నే మనవల్ని స్కూలు బస్సు ఎక్కిస్తూ కనిపించేవాళ్లు. నెల తిరిగేసరికి వాళ్లలో కొందరు బీపీ మాత్రలు, షుగరు మాత్రలు సందు చివరి మందుల షాపులో డబ్బు పెట్టి కొంటున్నారు. కార్డు బీరువాలో క్యాంటీన్ కార్డు పక్కన భద్రంగా ఉంటుంది.

ఎందుకిలా అంటే పిల్లలు చెప్పే జవాబు ఒక్కటే. "ఎవరు వెళ్తారండీ అంత దూరం? వెళ్లినా మందు లేదంటారు." ఆ మాటలో నిజం ఉంది. కానీ అది సగం నిజమే. మందు లేదన్న చోటితో ఈసీహెచ్‌ఎస్ ఆగిపోదు. అక్కణ్ణుంచి ఇంకో రెండు మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల గురించి మాజీ సైనికుడి ఇంట్లో వాళ్లకు తెలుగులో, తీరిగ్గా చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు లోటు.

తెలుగు నేలకు సైన్యంతో ఉన్న బంధం చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సైన్యంలో చేరుతున్న ఊరది. శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం పల్లెల్లోనూ సైన్యంలో చేరడం ఇంటి ఆనవాయితీగా సాగుతున్న కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ల పిల్లలు ఇంజనీరింగ్ చదివి సైబరాబాద్ చేరారు. వాళ్ల వెనకే అమ్మానాన్నలూ వచ్చారు. రావడంలో ఒక చిక్కు ఉంది. కార్డులో నమోదైన పాలీక్లినిక్, అంటే ఈ పథకం కింద వైద్యం చేసి మందులిచ్చే కేంద్రం, సొంత జిల్లాలోనే ఉండిపోయింది.

పథకం మొదలైంది 2003 ఏప్రిల్ 1న, వాజ్‌పేయి ప్రభుత్వ హయాంలో, జార్జి ఫెర్నాండెజ్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు. ఆనాటి నుంచి పింఛనుతో రిటైరయ్యే ప్రతి సైనికుడూ ఇందులో చేరాల్సిందే. రిటైరయ్యేటప్పుడు ఒకేసారి చందా కట్టించుకుంటారు. 2017 డిసెంబరు చివర్లో సవరించిన లెక్క ప్రకారం హవల్దారు హోదా వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా 67,000, ఆఫీసర్లకు 1,20,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లు, యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీలు చందా కట్టనక్కర్లేదు. సభ్యుడిగా చేరినవారికి నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం ఉండదు. అంటే ఈ మందులు ఎవరో దయతలచి ఇస్తున్నవి కావు. చందా కట్టి, భత్యం వదులుకుని సంపాదించుకున్నవి.

ఐటీ ఉద్యోగుల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే. "మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి, ఇంకేం కావాలి" అనుకుంటారు. కంపెనీ గ్రూపు పాలసీ మామూలుగా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. రోజూ మింగే మాత్రలకు రూపాయి రాదు. ఉద్యోగం మారితే, పోతే, ఆ పాలసీ కూడా పోతుంది. ఈసీహెచ్‌ఎస్‌కు వయసు పరిమితి లేదు, ముందే ఉన్న జబ్బు అన్న పేచీ లేదు, చికిత్స ఖర్చు ఇంతకు మించకూడదన్న గీత లేదు. పెద్దవాళ్లకు నెలనెలా చేయి కాలేది ఆపరేషన్లతో కాదు, మాత్రలతో. ఇద్దరికీ కలిపి నెలకు రెండు వేల రూపాయల మందులు బయట కొంటే, పదిహేను నెలల్లో హవల్దారు కట్టిన చందా మొత్తం మళ్లీ ఖర్చయిపోయినట్టే.

మందు చేతికొచ్చే దారి ఇలా ఉంటుంది. కార్డుతో పాలీక్లినిక్‌కు వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడి మెడికల్ ఆఫీసరు చూసి మందులు రాస్తారు. ఫార్మసీ కిటికీలో ఉన్న మందులు ఇస్తారు. దీర్ఘకాలిక జబ్బులకు సాధారణంగా నెలకు సరిపడా ఇస్తారు. స్పెషలిస్టు అవసరమైతే సైనిక ఆసుపత్రికో, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో రిఫరల్ రాస్తారు. ఆ ఆసుపత్రి డాక్టరు ఓపీలో రాసిన చీటీని అక్కడి మందుల షాపులోనే ఇచ్చేసి బిల్లు కట్టేవాళ్లు ఎక్కువ. అలా చేయకూడదు. ఆ చీటీ పట్టుకుని తిరిగి పాలీక్లినిక్‌కే రావాలి.

కిటికీ దగ్గర ఒక మందు లేకపోతే? చీటీ మీద ఆ మందు లేదని రాసి ముద్ర వేస్తారు. దీన్నే అందరూ ఎన్ఏ అంటారు. కొత్తవాళ్లు ఎన్ఏ అనగానే ఉసూరుమంటూ వెనుదిరుగుతారు. తెలిసినవాళ్లకు అది తర్వాతి మెట్టుకు చీటీ. పాలీక్లినిక్‌తో ఒప్పందం ఉన్న మందుల దుకాణం, వాళ్ల మాటల్లో ఏఎల్‌సీ, ఆ మందును తెప్పించి ఇవ్వాలి. సభ్యుడు డబ్బు కట్టాల్సిన పని లేదు. అక్కడా దొరక్కపోతే అప్పుడు బయట కొనుక్కుని, నిబంధనల మేరకు ఆ ఖర్చు తిరిగి అడగవచ్చు. డాక్టరు రాసిన చీటీ, ఎన్ఏ ముద్ర, షాపు ఇచ్చిన అసలు బిల్లు మూడూ ఉండాలి. ముద్ర లేకుండా ముందే కొనేసి, తర్వాత బిల్లు పట్టుకెళ్తే ఒప్పించడం కష్టం. ఒకసారి ఎన్ని రోజులకు కొనవచ్చు, ఎంత వరకు ఇస్తారు అన్న నిబంధనలు మారుతూ వచ్చాయి. కొవిడ్ కాలంలో సడలించారు, తర్వాత సవరించారు. అందుకని కొనబోయే ముందు కిటికీ దగ్గరే అడగడం మంచిది. టానిక్కులు, పోషకాహార పొడులు, షాంపూలు, సౌందర్య సాధనాలు ఇందులోకి రావు. వాటి కోసం కిటికీ దగ్గర వాదించి లాభం లేదు.

ఇక అసలు గందరగోళం బ్రాండ్ల దగ్గర. కార్పొరేట్ ఆసుపత్రి గుండె డాక్టరు బీపీకి ఒకే మాత్ర రాస్తారు. ఏదో ఒక కంపెనీ పేరు, పక్కన రెండు అక్షరాలు. చూడ్డానికి అది ఒక మందే. లోపల రెండున్నాయి, టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5. పాలీక్లినిక్ ఫార్మసీలో ఆ కంపెనీ మాత్ర ఉండదు. టెల్మిసార్టాన్ ఒక స్ట్రిప్పు, అమ్లోడిపిన్ ఒక స్ట్రిప్పు విడివిడిగా ఇస్తారు. స్ట్రిప్పు మీద రక్షణ దళాల సరఫరా, అమ్మకానికి కాదు అన్న ముద్ర ఉంటుంది. ఇంటికి తెచ్చి కవరు విప్పగానే అనుమానాలు మొదలవుతాయి. డాక్టరు ఒకటి రాస్తే వీళ్లు రెండు ఇచ్చారేంటి? పేరు కూడా వేరే ఉంది. అమ్మకానికి కాదంటే నాసిరకమేమో. చివరికి కొడుకు ఫోను తీసి అసలు బ్రాండే ఆర్డరు పెడతాడు.

ఇంతవరకూ నష్టం డబ్బే. దీని తర్వాత జరిగేది ప్రమాదం. పాలీక్లినిక్ ఇచ్చిన రెండు స్ట్రిప్పులూ డబ్బాలో ఉంటాయి, షాపులో కొన్న మాత్రా ఉంటుంది. పెద్దాయన మూడూ మింగుతాడు. బీపీ మరీ పడిపోయి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. షుగరు మాత్రల్లో అయితే ఇంకా ఘోరం. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర ఒకటి, విడిగా గ్లిమెపిరైడ్ మరొకటి పడితే షుగరు ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం. వయసు మళ్లినవాళ్లు ఒక్కసారి పడితే తుంటి ఎముక విరగవచ్చు. రాసిన డాక్టరు తప్పు లేదు, ఇచ్చిన ఫార్మసిస్టు తప్పు లేదు. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోవడమే తప్పు.

ఆ పని చేయడానికి డాక్టరే కానక్కర్లేదు. స్ట్రిప్పు మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బల్ల మీద పరిచి, ఆ అసలు పేర్లు ఒక కాగితం మీద రాస్తే, ఒకే మందు రెండుసార్లు ఉంటే వెంటనే బయటపడుతుంది. ఆ కాగితమే తర్వాత పాలీక్లినిక్ డాక్టరుకూ చూపించాలి, స్పెషలిస్టుకూ చూపించాలి.

మందు మూలం ఒకటే అయితే కంపెనీ మారినా చాలా జబ్బులకు తేడా రాదు. కొన్నిటికి మాత్రం జాగ్రత్త కావాలి. రక్తం పల్చబడటానికి ఇచ్చే వార్ఫరిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, థైరాయిడ్ మాత్రలు. ఇవి వాడేవాళ్లు కంపెనీ మారిందని గమనిస్తే డాక్టరుకు చెప్పి, అవసరమైన రక్తపరీక్ష చేయించుకోవాలి. అటోర్వాస్టాటిన్ రాస్తే రోసువాస్టాటిన్ ఇవ్వడం వేరే సంగతి. అది కంపెనీ మారడం కాదు, మందే మారడం. డాక్టరు సంతకం లేకుండా అలాంటి మార్పు ఒప్పుకోకూడదు.

వైద్యులు మందులను మూలం పేరుతోనే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది. ఆ నెల తిరక్కుండానే దాన్ని నిలిపివేసింది. ప్రైవేటు ఆసుపత్రుల సంగతి అలా ఉంచినా, ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం చేసుకున్న ఆసుపత్రుల చేతనైనా మూలం పేరు స్పష్టంగా రాయించవచ్చు. బిల్లులు చెల్లించేది ప్రభుత్వమే కాబట్టి ఆ మాట అడిగే హక్కూ ప్రభుత్వానికే ఉంది. ఈ ఒక్క పని జరిగితే కిటికీ దగ్గర జరిగే వాదనల్లో సగం ఆగిపోతాయి.

మందులు ఎందుకు నిండుకుంటాయన్నది వేరే కథ. పాలీక్లినిక్ తనంతట తాను మందులు కొనుక్కునే సంస్థ కాదు. సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టరేట్ జనరల్ రేటు ఒప్పందాలు కుదుర్చుకోవాలి, సరుకు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ స్టోర్స్ డిపోల గుండా రావాలి, స్థానికంగా కొనాల్సినవి సైనిక ఆసుపత్రి పెద్ద డాక్టరు ఆమోదంతో కొనాలి. ఒక ఒప్పందం గడువు తీరి కొత్తది ఆలస్యమైతే చాలు, మెట్‌ఫార్మిన్ లాంటి మామూలు మాత్రకూ కటకట వస్తుంది. పథకం పనితీరుపై కాగ్ 2015లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో పాలీక్లినిక్‌లకు మందుల సరఫరాలో లోపాలనూ ఎత్తి చూపింది. ఇది కిటికీ వెనక కూర్చున్న ఫార్మసిస్టు చేతుల్లో ఉన్న సమస్య కాదని క్యూలో నిలబడి కోప్పడేవాళ్లు గుర్తుంచుకోవాలి. అలాగని ఢిల్లీలో ఉన్నవాళ్లు తప్పించుకోవడానికీ వీల్లేదు. దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు, అరకోటికి పైగా లబ్ధిదారులు ఉన్న పథకంలో ఏ మాత్ర నెలకు ఎంత ఖర్చవుతుందో ముందే తెలుస్తుంది. బీపీ ఉన్న మనిషికి వచ్చే నెలా బీపీ మాత్రే కావాలి. ఇంత తేలిగ్గా అంచనా వేయగల అవసరం ఇంకేముంది?

పైగా ఇది హైదరాబాద్. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఈ నగరం దేశానికి మందులు చేసిపెడుతోంది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. జీడిమెట్లలో, పటాన్‌చెరులో, జీనోమ్ వ్యాలీలో తయారైన మాత్రలు అమెరికా దాకా వెళ్తున్నాయి. ఆ ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలో కాపురముండే మాజీ సైనికుడికి ఆ నెల మాత్రలు దొరకలేదంటే బాధ కలుగుతుంది. మందు లేక కాదు, మందును మనిషి దాకా చేర్చే ఏర్పాటు సరిగా లేక.

అమెరికాలో సైనిక కుటుంబాలకు ట్రైకేర్ అనే పథకం ఉంది. అక్కడ సర్వీసులో ఉన్న సైనికుడికి మందులు ఉచితం. రిటైరైనవాళ్లు సైనిక స్థావరంలోని ఫార్మసీకి వెళ్తే డబ్బు కట్టనక్కర్లేదు. బయటి షాపులో తీసుకుంటే 2024లో నెలకు సరిపడా జనరిక్ మందుకు 16 డాలర్లు, బ్రాండుకు 43, జాబితాలో లేని మందుకు 76 డాలర్లు కట్టాల్సి వచ్చేది. అదే పోస్టులో ఇంటికి తెప్పించుకుంటే మూడు నెలల జనరిక్ మందులు అప్పట్లో 13 డాలర్లకే వచ్చేవి. డబ్బు విషయంలో మన పథకమే ఉదారమైనది, మన హవల్దారు కిటికీ దగ్గర పైసా కట్టడు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ఏ మందు ఏ కోవలో ఉందో, ఎంత పడుతుందో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. మూడు నెలల మందులు గుమ్మం దగ్గరికొస్తాయి.

కొత్తగూడ నుంచి చూస్తే ఈ రెండూ ఎంత అవసరమో తెలుస్తుంది. నగరంలో సైనిక వైద్య వ్యవస్థ కంటోన్మెంట్ల చుట్టూ పెరిగింది. పెద్ద సైనిక ఆసుపత్రి సికింద్రాబాద్‌లో తిరుమలగిరి దగ్గర ఉంది, గోల్కొండ వైపు మరొకటి ఉంది. సైబరాబాద్ పుట్టక ముందటి పటం అది. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవరు తెరిచాక కూడలి దాటడం తేలికైంది కానీ, మోకాళ్ల నొప్పులతో ఉన్న డెబ్భై రెండేళ్ల మనిషి తిరుమలగిరికి వెళ్లి రావడం ఒక పూట పనే. వెళ్లినవాళ్లు ఇన్సులిన్ తెచ్చుకునేటప్పుడు మరో తిప్పలు. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఎండలో, పార్కు చేసిన కారులో గంట వదిలేస్తే అది పాడవచ్చు, చూపుకు మాత్రం మామూలుగానే ఉంటుంది. ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టినా గడ్డకట్టి చెడిపోతుంది. చిన్న థర్మోకోల్ డబ్బా, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాకు ఉంటే చాలు. ఈ మాట ఇన్సులిన్ చేతికిచ్చేటప్పుడే చెప్పాలి.

2021 మేలో రక్షణ శాఖ సెహత్ ఓపీడీ పేరుతో ఫోనులో, కంప్యూటరులో డాక్టరును సంప్రదించే వీలు కల్పించింది. మాజీ సైనికులు, వాళ్ల కుటుంబాలు వాడుకోవచ్చు. డాక్టరును ఇంట్లోంచే చూడగలిగాక, మాత్రల కోసం మాత్రం నగరం దాటాల్సి రావడం సబబు కాదు. ఇంటికే మందులు పంపే ఏర్పాటు దేశంలో ఎక్కడ కుదిరినా, ఈ ఐటీ కారిడార్ దాకా వెంటనే రావాలి. అంతకన్నా సులువైన పని ఇంకొకటుంది. స్థిరంగా ఉన్న బీపీ, షుగరు, థైరాయిడ్ రోగులకు నెలకు బదులు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగి అక్కర్లేదు. సరఫరా నిలకడగా ఉంటే చాలు.

ఈ చిక్కుల్లో అందరికన్నా వెనకబడేది సిపాయి భార్య. ఆయన ఉన్నంతకాలం కార్డు సంగతి ఆయనే చూసుకున్నాడు. ఎన్ఏ, ఏఎల్‌సీ, రిఫరల్ అన్నీ ఆయనకే తెలుసు. ఆయన పోయాక కుటుంబ పింఛను ఆమెకు వస్తుంది, వైద్యం హక్కూ ఆమెకే ఉంటుంది. కానీ గోడ మీద నోటీసులు ఇంగ్లీషులో, హిందీలో ఉంటే ఆమె ఎవర్ని అడగాలి? ఈసీహెచ్‌ఎస్ హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రం తలచుకుంటే మందుల దారి మొత్తం ఒక పేజీలో తెలుగులో అచ్చువేసి, ప్రతి కిటికీ పక్కన అంటించవచ్చు. ఆ నెల లేని మందుల జాబితా కూడా పొద్దున్నే ఫోనుకు పంపవచ్చు. అప్పుడు గంటన్నర ప్రయాణం చేసి వచ్చి లేదనిపించుకోవాల్సిన పని ఉండదు.

పిల్లలు చేయాల్సింది ఎక్కువేం కాదు. ఈ ఆదివారం అమ్మానాన్నల కార్డులో ఏ పాలీక్లినిక్ నమోదై ఉందో చూడాలి. దేశంలో ఏ పాలీక్లినిక్‌లోనైనా వైద్యం చేయించుకోవచ్చు కానీ, ఇక్కడే ఉండిపోయేవాళ్లకు అది ఇంకా సొంత జిల్లాదే అయి ఉంటే నెలనెలా మందులకు, బిల్లులకు తిరుగుడు తప్పదు. మార్చమని ఈసీహెచ్‌ఎస్ పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు. కార్డు, పింఛను కాగితం, ఆధార్ దగ్గర పెట్టుకుని కూర్చుంటే లాప్‌టాప్ ముందు ఒక పూట పని.